తప్పెవరిదని అడిగే జబ్బు

"పొద్దుగాల నుంచి ఏం తినలేదు గదా అమ్మా?" అని అడిగింది రక్తం తీసే అమ్మాయి. లేదన్నాను. ఆ పిల్ల నా చేతికి రబ్బరు పట్టీ కట్టి నరం వెతుకుతుంటే గుర్తొచ్చింది. మా ఆయనకి ఫస్టు షిఫ్టు. నాలుగింటికి లేచి వంకాయ కూర చేసి, ఉప్పు సరిపోయిందో లేదోనని అరచేతిలో వేసుకుని చూశాను. ఆయనకి చాయ్ పోశాక గిన్నెలో మిగిలిన రెండు గుక్కలు పారబొయ్యబుద్ధి కాక నేనే తాగాను. ఆ మాట చెబితే అమ్మాయి పట్టీ విప్పేసి నవ్వింది. "చాయ్ తాగితె ఎట్లమ్మా, రేపు రాండ్రి" అంది.

మర్నాడూ ఫస్టు షిఫ్టే. మర్నాడూ వంట చెయ్యాల్సిందే. ఈసారి కూర రుచి చూడకుండానే బాక్సులో పెట్టి పంపాను. పాతికేళ్ల సంసారంలో అదే మొదటిసారేమో. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, "కూరల ఉప్పు ఎక్కువైంది, నీ మనసు ఏడున్నది?" అన్నాడు. కోపంగా ఏమీ కాదు, మామూలుగానే. పరగడుపున రమ్మని చెప్పేవాళ్లకి ఒక సంగతి తట్టదు. ఆ ఎనిమిది గంటల పరగడుపులోనే ఇంట్లో మరొకరి కడుపుకి వండాల్సినవాళ్లు ఉంటారు. ఉపవాసాలు మనకి కొత్తకాదు. కానీ ఉపవాసం ఉన్నా వంట తప్పించుకున్నదెవరు?

మేముండేది నస్పూర్‌లో. మంచిర్యాల పక్కనే. కోల్ కెమికల్ కాంప్లెక్స్ ఎప్పుడో మూతబడినా సీసీసీ అనే పేరు మాత్రం ఈ ఊరికి అతుక్కుపోయింది. ఆటోవాళ్లు ఇప్పటికీ సీసీసీ, సీసీసీ అనే అరుస్తారు. నేను ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. ఆయన శ్రీరాంపూర్ ఏరియాలో ఒక అండర్‌గ్రౌండు బాయిలో పని చేస్తాడు. మా మామ కోల్‌ఫిల్లర్. ఈ వివరాలన్నీ ఎందుకంటే, నా రక్తంలో ఏముందో చెప్పాలంటే ఈ ఇంటి గడియారం గురించి చెప్పక తప్పదు.

పరగడుపు రక్తం ఫలితం ఆ రోజే వచ్చింది. 148. రెండోదానికి, అదే హెచ్‌బీఏ1సీ అంటారే దానికి, శాంపిల్ హైదరాబాదు పోయి రావాలన్నారు. రెండు రోజులు. ఆ రెండు రోజుల గురించే నేను అసలు రాయాలనుకున్నది.

ఎదురుచూపంటే భయం ఉంటుందనుకున్నాను. భయంకన్నా ముందు లెక్కలొచ్చాయి. బడిలో పిల్లల నోట్సులు దిద్దుతూ, ఒక కాగితం వెనక తిన్నవన్నీ రాయడం మొదలుపెట్టాను. సంక్రాంతి అరిసెలు ఎన్ని, స్టాఫ్‌రూములో ఎవరి పుట్టినరోజుకో పంచిన కేకు ముక్క, రోజుకి నాలుగు చాయ్‌లు, ఒక్కో దాంట్లో ఎన్ని చెంచాలు. కాన్పు తర్వాత తగ్గని బరువు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఒకసారి "షుగర్ కొంచెం ఎక్కువున్నది, జాగ్రత్త" అని చెబితే, కాన్పయ్యాక మళ్లీ పరీక్ష చేయించుకోలేదు. అది కూడా రాశాను. కాగితం నిండాక చూసుకుంటే అది ఆరోగ్యం గురించిన కాగితం కాదు, పాపాల చిట్టా. ఎవరూ అడక్కుండానే నేరం ఒప్పుకుని సంతకం పెట్టడానికి తయారై కూర్చున్నాను. తీర్పు రాకముందే!

జ్వరం వస్తే ఇలా లెక్క రాసుకోం. కాలు విరిగితే రాసుకోం. షుగరొచ్చిందంటే మాత్రం మొదటి ప్రశ్న 'ఏం చేశావు?' అనే వస్తుంది. బయటివాళ్లు అడగకముందే మన లోపల్నించి వస్తుంది. ఆ ప్రశ్న మనకి ఎవరు నేర్పారు?

రిపోర్టు వచ్చింది. 7.6. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కి ఎంత చక్కెర అంటుకుందో చూసి, గడిచిన రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష అది. 6.5 గానీ ఆ పైన గానీ ఉంటే మధుమేహం. పరగడుపుదైతే 126 గీత. నేను రెండు గీతలూ దాటాను. డాక్టరు, ఏ ఊరో ఏ ఆస్పత్రో ఇక్కడ అనవసరం, కాగితం చూస్తూనే "స్వీట్లు బాగ తింటరా?" అన్నాడు. తర్వాత "స్ట్రెస్ తగ్గించుకోండి, పొద్దున్నే ఒక గంట నడవండి, టైముకి తినండి" అని చెప్పి మెట్‌ఫార్మిన్ రాసిచ్చాడు. నా హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర ఉంది. దాని గురించి అడగలేదు. ఐరన్ లోపం వల్ల రక్తం తక్కువైతే హెచ్‌బీఏ1సీ అంకె ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చూపించొచ్చని తర్వాత మరో డాక్టరమ్మ చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అంటే సగానికి పైగా ఆడవాళ్ల విషయంలో ఈ కొలబద్దనే కాస్త అనుమానంగా చూడాలి. నా మటుకు పరగడుపు అంకె కూడా అదే మాట చెబుతోంది కనుక తప్పించుకోవడానికేం లేదు. కానీ ఆ డాక్టరమ్మ అడిగిన "రక్తం ఎందుకు తక్కువున్నది?" అనే ప్రశ్నకీ, ఆయనడిగిన "స్వీట్లు తింటరా?" అనే ప్రశ్నకీ మధ్య ఎంతో దూరం ఉందనిపించింది. ఒకటి నా బతుకు గురించి అడుగుతోంది, ఇంకొకటి నా నాలుక గురించి.

టైముకి తినమన్నాడు. ఏ టైముకి? సింగరేణిలో మూడు షిఫ్టులు. ఫస్టు షిఫ్టు పొద్దున ఏడింటికి మొదలు, సెకండ్ షిఫ్టు మూడింటికి, నైటు షిఫ్టు రాత్రి పదకొండింటికి. ఆయనకి షిఫ్టు మారినప్పుడల్లా నాకూ మారుతుంది. ఫస్టయితే నాలుగింటికి లేవాలి. సెకండ్ షిఫ్టయితే పదకొండు దాటాక వచ్చి, స్నానం చేసి, పన్నెండింటికి అన్నం తింటాడు. ఒక్కడే తింటే బాగుండదని పక్కన కూర్చుని నేనూ తింటాను. ఇష్టంగానే తింటాను, అబద్ధం చెప్పను. మేమిద్దరం మాట్లాడుకునేది ఆ వేళలోనే. నైటయితే పగలంతా ఇంట్లో చప్పుడు కాకూడదు, కుక్కరు విజిల్ కూడా రాకుండా చూసుకోవాలి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకి మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువని చాలా దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. ఆ పరిశోధనల్లో లెక్కకొచ్చేది మస్టరు పడ్డవాళ్లే. మస్టరు లేకుండా అవే షిఫ్టులు చేసిన భార్యల్ని ఏ కాలమ్‌లో వేస్తారు?

బాయిలో దిగేవాళ్లకి చట్టం ప్రకారం కొన్నేళ్లకోసారి మెడికల్ పరీక్ష చెయ్యాలి. పీఎంఈ అంటారు. మా పక్క క్వార్టరు అన్నకి షుగరుందని తెలిసింది అందులోనే. బొగ్గు తీసే ఒళ్లు కనుక ఆ ఒంటికి లెక్క ఉంటుంది. ఆ ఒంటిని పొద్దున్నే లేపి, తినిపించి, బట్టలకంటిన బొగ్గు పిండి ఉతికి, మళ్లీ బాయికి పంపే ఒంటికి లెక్క లేదు. ఆస్పత్రిలో మాకూ వైద్యం ఉంది, లేదని కాదు. కానీ జబ్బు తెలిశాక వెళ్తే చేసే వైద్యం వేరు, జబ్బుందేమోనని పిలిచి చూడటం వేరు. 1952 గనుల చట్టం ఆడవాళ్లని భూగర్భంలో పనికి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం కొన్ని షరతులతో అనుమతించింది. కిందికి దిగకుండానే బాయి మా ఒంట్లోకి దిగిన సంగతికి మాత్రం అనుమతులూ షరతులూ ఏమీ అక్కర్లేకపోయాయి.

ఆ పక్క క్వార్టరు అన్నకి షుగరొచ్చినప్పుడు వాళ్లింట్లో వంట మారింది. అక్క జొన్నరొట్టె నేర్చుకుంది, కాకరకాయ నేర్చుకుంది, రాత్రి అన్నం మానిపించింది. పిల్లలతో సహా అందరూ అదే తిన్నారు. మరి మా ఇంట్లో నాకొచ్చింది. మొదటి వారం రెండు వంటలు వండాను. వాళ్లకి అన్నం, నాకు రొట్టె. రొట్టె కొట్టే ఓపిక లేని రోజున వాళ్లు మిగిల్చిన అన్నమే తిన్నాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. నాకోసం అందర్నీ మార్చడం ఏమిటనే సంకోచం నాదే. మగవాడికొచ్చిన షుగరు ఇంటిది, ఆడదానికొచ్చిన షుగరు ఆమెది. ఇది ఎవరూ గోడ మీద రాయలేదు. అయినా అందరం చదివాం.

బయట కూడా అంతే. టీ కొట్టు దగ్గర మగవాళ్లు "నాకు చక్కెర లేకుంట" అని గట్టిగా చెబుతారు. వయసుతో వచ్చిన హోదాలాగా. మా చెల్లెకి ఫోన్లో చెబితే ఆమె మొదట అన్నమాట, "ఎవలికీ చెప్పకే. పోరికి సంబంధాలు చూస్తున్నరు గదా." నా బిడ్డ హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. తల్లికి షుగరుందంటే రేపు పిల్లకీ వస్తుందేమోనని అవతలివాళ్లు ఆలోచిస్తారట. తండ్రికి బీపీ ఉందన్న సంగతి ఇప్పటిదాకా ఏ సంబంధంలోనూ అడ్డురాలేదు మరి! రెండు రోజులు నిజంగానే దాచాను. తర్వాత తట్టింది. నేను దాస్తున్నది పెళ్లివాళ్ల దగ్గర కాదు, నా బిడ్డ దగ్గర. తల్లికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. ఆ సంగతి ముందు తెలియాల్సింది దానికి. నా జబ్బు నా సొంత విషయమే. కానీ నా రక్తం నా ఒక్కదానిదీ కాదు. ఫోన్ చేసి చెప్పాను. "నువ్వు కూడా చేయించుకో" అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, నువ్వు నాయనమ్మను తిట్టినట్టు నిన్ను తిట్టాల్నా ఇప్పుడు?" అంది. నవ్వుతూనే అంది.

నేను తప్పించుకు తిరుగుతున్న చోటికి అది ఒక్క మాటతో తీసుకొచ్చి నిలబెట్టింది.

మా అత్తమ్మకి 2006లో షుగరు బయటపడింది. గోదావరి అవతలి ఊరి నుంచి కోల్‌ఫిల్లర్ భార్యగా వచ్చి, ఆరుగురిని కని నలుగురిని దక్కించుకున్న మనిషి. నేను కాపురానికొచ్చిన కొత్తలో పాలు, చక్కెర, నా నిద్ర అన్నీ ఆమె లెక్కలోనే ఉండేవి. చాయ్‌లో ఒక చెంచా ఎక్కువేసుకుంటే కళ్లతోనే అడిగేది. షుగరొచ్చాక ఆ లెక్క నా చేతికొచ్చింది. చక్కెర డబ్బా పై అరలోకి, పిండి డబ్బా వెనక్కి జరిపాను. బెల్లం బీరువాలో పెట్టాను. అన్నం కొలిచి పెట్టాను. డాక్టరు చెప్పాడని చేశాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజంగా డాక్టరు కోసమేనా? ఆ డబ్బా పైకి పెట్టినప్పుడు నా చేతుల్లో ఒక తృప్తి ఉంది. అది వైద్యం తాలూకు తృప్తి కాదు.

2009 సద్దుల బతుకమ్మ నాడు అందరం ఆడి, బతుకమ్మల్ని సాగనంపి, సత్తుపిండి, మలీద పంచుకుంటున్నాం. అత్తమ్మ ఎవరో ఇచ్చిన మలీద ముద్ద కొంగున ముడి వేసుకోవడం చూశాను. కాలనీ ఆడవాళ్లందరి ముందూ ఆ ముడి విప్పి తీసేశాను. "ఇంత వయసొచ్చినా నాలుక అదుపుల లేకపోతె ఎట్లత్తమ్మా" అన్నాను. కొందరు నవ్వారు. కొందరు "కోడలు మంచిగ అర్సుకుంటది" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు బాగుంది. ఆమె కొంగు దులుపుకుని ఇంటికి నడిచింది. మెల్లగా, కాళ్లు వెడల్పుగా వేసుకుంటూ. ఆ నడక నేను చూశాను, కానీ చూడలేదు.

మూడేళ్ల తర్వాత ఆమె కాలి బొటనవేలు తీసేశారు. చెప్పులో రాయి గుచ్చుకుని పుండయింది. ఆమెకి తెలియలేదు. చాలాకాలం షుగరుంటే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ పోతుందని, అంతకుముందు మంటలూ తిమ్మిర్లూ వస్తాయని, అందుకే రోజూ అరికాళ్లు చూసుకోవాలని, కళ్లు చూసుకోకుండానే కాళ్లు తడిమితే చాలదని నాకప్పుడు తెలియదు. ఆమె అరికాళ్ల మంట అని రాత్రుళ్లు తడిగుడ్డ వేసుకునేది. వేడి చేసిందనుకున్నాను. ఆస్పత్రి మంచం మీద ఒకరోజు అంది, "నా నాల్కెను కావలి కాస్తివి గని బిడ్డా, కాలు నొస్తున్నదా అని ఒక్కనాడన్న అడిగితివా?" నేను జవాబు చెప్పలేదు. 2013లో పోయింది.

కాపలా, సంరక్షణ చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండింట్లోనూ ఒకరు ఇంకొకరిని చూస్తుంటారు. కాపలా కాసేవాళ్లు తప్పు కోసం చూస్తారు. ఏం చెయ్యొద్దో చెబుతారు. సంరక్షణ చేసేవాళ్లు ఎక్కడ నొస్తోందో చూడాలి. నేను చేసింది మొదటిది. పేరు మాత్రం రెండోదాని పేరు పెట్టుకున్నాను.

పితృస్వామ్యం ఇద్దరాడవాళ్ల మధ్య వంటింటి తాళాలు పడేసి వేడుక చూస్తుందని మనం చాలా రాశాం. నేనూ ఒప్పుకుంటాను. ఏడేళ్ల పాటు ఆమె కొడుకు ఆమె మాత్రల పేర్లు కూడా తెలియకుండా గడిపేశాడు. ఆమె తీపి తింటే తిట్టే పాపమూ, తినకపోతే బతిమాలే పుణ్యమూ నా వాటాకే వచ్చాయి. కానీ ఆ మాట వెనక దాక్కుంటే కొంగు ముడి విప్పిన చెయ్యి శుభ్రమైపోదు. విప్పింది నా చెయ్యే.

ఈ మధ్య జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో రాసిన 'ఆన్ లిబర్టీ' మళ్లీ తీశాను. ఒక మనిషి మంచి కోసమేనన్నది ఆ మనిషిని బలవంతపెట్టడానికి సరిపోయే కారణం కాదని ఆయన వాదన. చెప్పి చూడొచ్చు, బతిమాలొచ్చు, వాదించొచ్చు. చెయ్యి పట్టుకుని ఆపే హక్కు మాత్రం లేదు. చదివినప్పుడు అత్తమ్మ పక్షాన నిలబడి చదివాను. తర్వాత ఇంకో సంగతి అడ్డం వచ్చింది. మిల్ చెప్పే మనిషి ఎవరింట్లో ఉంటాడు? అతని పుండు ఎవరు కడుగుతారు? అత్తమ్మ వేలు తీసేశాక ఎనిమిది నెలలు రోజూ డ్రెస్సింగు చేసింది నేను. బడికి సెలవు పెడితే జీతం కోసుకున్నారు. ఆమె స్వేచ్ఛకి అయ్యే ఖర్చు నా చాకిరీలోంచి పోతున్నప్పుడు, ఆ స్వేచ్ఛ గురించి మాట్లాడే హక్కు నాకు బొత్తిగా లేదా? (ఆ పుస్తకాన్ని మిల్ చనిపోయిన తన భార్య హారియట్ టేలర్‌కి అంకితమిచ్చాడు. ఇద్దరం కలిసి ఆలోచించిందే ఇదన్నాడు. ఆమె ఇంటి లెక్కల గురించి ఏమనేదో వినాలని ఉంది.)

దీనికి నా దగ్గర తేటగా తేలిన జవాబు లేదు. ఒకటి మాత్రం తోస్తోంది. మలీద తినొద్దని చెప్పే హక్కు నాకుంటే ఉండొచ్చు. నలుగురి ముందు ముడి విప్పే హక్కు లేదు. పుండు కడిగే భారం నా ఒక్కదానిదే కాకుండా ఆమె కొడుకుది కూడా అయ్యుంటే, బహుశా నేను ఆ ముడి వైపు అంత కసిగా చూసేదాన్ని కాదు.

మళ్లీ తప్పు దగ్గరికే వస్తాను. సుసాన్ సాంటాగ్ తనకి కాన్సరొచ్చాక 1978లో 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' అచ్చువేసింది. జబ్బుకి మనం తొడిగే అర్థాలు కూడా మనిషిని బాధపెడతాయంటుంది. క్షయకీ కాన్సరుకీ తొడిగిన అర్థాలు ఆమెకి కనిపించాయి. షుగరుకి మనం తొడిగింది మరీ చిన్నది, మరీ ఇంటిది. 'తిని కూర్చుంది' అన్నమాట. 2023లో అచ్చయిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని అంచనా వేసింది. పది కోట్ల మంది ఒక్కసారిగా నాలుక అదుపు తప్పారా?

పుణెలో డాక్టర్ యాజ్ఞిక్, ఆయనతో పనిచేసినవాళ్లు కొన్ని దశాబ్దాలుగా పసిపిల్లల్ని చూస్తున్నారు. మన పిల్లలు తక్కువ బరువుతో, సన్నగా పుడతారు. కానీ ఆ సన్నటి ఒంట్లో కండ తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ. కడుపులో ఉన్నప్పుడు తల్లికి సరైన తిండి లేకపోవడం బిడ్డ ఒంటిని ఒక రకంగా తయారుచేస్తుందని, తర్వాత తిండి దొరికినప్పుడు ఆ ఒళ్లు దాన్ని తట్టుకోలేదని ఆ పరిశోధన వైపు మొగ్గుతుంది. చదివి మొదట ఊపిరి పీల్చుకున్నాను, నా తప్పు కాదని. మరుక్షణం ఇంకో తల్లి మీదికి పోయింది వేలు. మా అమ్మ మీదికి. సైన్సు కూడా తిరిగి తిరిగి గర్భం దగ్గరే ఆగుతుందేం అనిపించింది. అయితే మా అమ్మ ఎందుకు తినలేదు? అందరూ తిన్నాక కుండలో మిగిలింది తినాలి కనుక తినలేదు. నేను కడుపులో ఉన్నప్పుడు కూడా నాట్లకి పోయి, ఇంటికొచ్చి, ఆఖరున గంజి తాగింది. ఆడవాళ్లు ఆఖరున తినడం ఆచారమనుకున్నాం. అది ఎముకల్లోకీ రక్తంలోకీ దిగి రెండు తరాల తర్వాత ఒక ల్యాబు కాగితం మీద అంకెగా తేలుతుందని ఎవరనుకున్నారు?

ఇప్పుడందరూ చిరుధాన్యాలు తినమంటున్నారు. మా అమ్మ జొన్నగటక తింది. తినీ తినీ విసిగి, పండగ నాటి తెల్లన్నం కోసం కాచుకుంది. 1983లో ఎన్టీ రామారావు రెండు రూపాయలకి కిలో బియ్యం తెచ్చినప్పుడు మా ఇంట్లో ప్రతి రోజూ పండగే అయింది. 2025 ఉగాదికి రేషన్ షాపుల్లో సన్నబియ్యం ఇస్తున్నారంటే మా కాలనీలో ముసలివాళ్ల కళ్లలో అదే వెలుగు చూశాను. పళ్లెంలో అన్నం తగ్గించమని నాకు చెప్పండి, వింటాను. కానీ అన్నాన్ని దురాశలాగా చెప్పకండి. మాకది గౌరవంగా వచ్చింది. గటక నుంచి తప్పించుకున్న తరం కూతురు ఈరోజు మంచిర్యాలలో అవే జొన్నలు బియ్యంకన్నా ఎక్కువ ధర పెట్టి కొనుక్కుంటోంది. నవ్వొస్తుంది కూడా.

ఎవరూ తప్పు చెయ్యలేదంటే ఇక చెయ్యాల్సిందేమీ లేదనా? కాదు. తప్పు వేరు, బాధ్యత వేరు అని ఇప్పుడనుకుంటున్నాను. గోడ ఎవరు కూల్చినా ఇంట్లో ఉండేవాళ్లే కట్టుకోవాలి. కానీ కట్టేవాళ్లలో ఎవరెవరుండాలన్నదే అసలు ప్రశ్న. 'నీ ఆరోగ్యం నీ చేతుల్లోనే' అనే బోర్డు ప్రతి ఆస్పత్రి గోడ మీదా ఉంటుంది. నా చేతులు ఖాళీగా ఉన్నాయా అని ఆ బోర్డు అడగదు.

ఓ రాత్రి అన్నం తింటూ మా ఆయన తమాషాకి అన్నాడు. "మాకు మెడికల్ అన్‌ఫిట్ అయితె పిల్లలకు నౌకరిస్తరు. నిన్ను అన్‌ఫిట్ చేస్తె నీ నౌకరి ఎవలికియ్యాలె?" బొగ్గుబాయిల్లో ఇది తమాషా మాట కాదు. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉంది. తండ్రి ఒళ్లు పనికిరాదని బోర్డు చెబితేనే కొడుక్కి బతుకు దొరికే ఇళ్లున్నాయి. ఇక్కడ జబ్బుకి కూడా వారసత్వం ఉంటుంది. నేను నవ్వలేదు. "నా నౌకరి బిడ్డకే వస్తది. దానికే బోర్డు అక్కర లేదు" అన్నాను. ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగింది. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

మెట్‌ఫార్మిన్ మొదటి పదిహేను రోజులు కడుపు తిప్పింది, తర్వాత సర్దుకుంది. నడకకి మొదట ఒక్కదాన్నే వెళ్లాను. చీకట్లో బొగ్గు లారీల రోడ్డు, కుక్కలు, ట్రాకు ప్యాంట్లు వేసుకున్న మగవాళ్ల గుంపులు. మూడో రోజు మానేశాను. ఇప్పుడు పక్క క్వార్టరు అక్క, మా బడి ఆయమ్మ, నేను ముగ్గురం సాయంత్రం వెళ్తున్నాం. ఆయమ్మ కూడా పరీక్ష చేయించుకుంది. ఆమెకి లేదు. "లేకున్నా నడుస్త, ఇంట్ల నుంచి బయట పడొచ్చు" అంది. రాత్రి పడుకునే ముందు అద్దం కింద పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. వేళ్ల సందుల్లో కూడా. అలా చూసుకుంటున్నప్పుడు రోజూ అత్తమ్మే గుర్తొస్తుంది. కొన్నిసార్లు ఆమె కాళ్లే చూస్తున్నట్టుంటుంది.

బిడ్డ పరీక్ష చేయించుకుంది. 5.8. ఇంకా జబ్బు కాదు, గీతకి ఇవతలే. కానీ సాఫీగా కూడా లేదు. దానికి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను. ఏం చెప్పకూడదో మాత్రం తెలుసు.

పోయిన వారం ఫస్టు షిఫ్టు రోజున నేను లేవలేదు. మెలకువ ఉంది, అయినా లేవలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడైంది. స్టౌ ముట్టించిన చప్పుడు, అరల తలుపులు తీసిన చప్పుడు. కాసేపటికి ఆయన గడపలో నిలబడి, "చక్కెర డబ్బా ఏడున్నదే?" అన్నాడు.

పై అరలో, పిండి డబ్బా వెనక. ఆమె పోయి ఇన్నేళ్లయినా నేను దాన్ని అక్కడి నుంచి కిందికి దించనే లేదు.